రెండోసారి వచ్చే బండి
(పాతూరి నాగభూషణం గారి స్మృతికి నివాళిగా చేసిన స్మారకోపన్యాసం)



1935లో గుంటూరు జిల్లాలో, పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువ మీద, పుస్తకాలతో ఒక పడవ తిరగడం మొదలుపెట్టింది. ఆ పని తలపెట్టిన నాగభూషణం గారికి అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండలేదు. 1907లో పుట్టిన పెదపాలెం మనిషి. సొంత ఊళ్ళో గ్రంథాలయం నడిపినవాడు. ఊరూరా భవనం కట్టాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని ఆయన కూర్చుని దిగులు పడలేదు. ఊళ్ళన్నిటినీ కలుపుతూ కాలువ ఎటూ పారుతోంది. జనం ఎటూ పడవల్లో తిరుగుతున్నారు. పుస్తకాన్ని కూడా ఆ దారినే పంపిస్తే పోతుందనుకున్నారు.

ఈ ఆలోచన ఎంత తెలివైనదో తెలియాలంటే ఆనాటి డెల్టాను తలుచుకోవాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయ్యాక వచ్చిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతో ఆగలేదు, రోడ్ల పని కూడా అవే చేశాయి. ధాన్యం బస్తాలు వెళ్ళింది పడవల మీద. పెళ్ళివారు తరలింది పడవల మీద. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు వెంట మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. లాకులు వచ్చాయంటే నీటి మట్టం సమం అయ్యేదాకా ఆగాల్సిందే. బస్సులో గంట పట్టే దూరానికి పూటంతా పట్టేది. అంత తీరిక మనుషుల చేతుల్లో ఉన్నచోటికి, చదవడానికి వీలున్న గంటల్లోకి, నాగభూషణం గారు పుస్తకాన్ని తీసుకెళ్ళి పెట్టారు. గ్రంథాలయానికి మనిషి రావాలని ఆయన ఎదురుచూడలేదు. మనిషి రోజు ఎలా గడుస్తుందో ముందు చూశారు.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది కొండల్లో, ఎడారుల్లో, అడవుల్లో ఉండే పిల్లల దగ్గరికి పుస్తకాలు మోసుకెళ్ళే బళ్ళ గురించీ పడవల గురించీ జంతువుల గురించీ. వీటి గురించి పత్రికల్లో వచ్చే వార్తలు మీరూ చూసి ఉంటారు. ఒంటె మీద గ్రంథాలయం, గాడిద మీద గ్రంథాలయం అని ఫొటో వేస్తారు. ఫొటో బాగుంటుంది. పిల్లలు నవ్వుతూ ఉంటారు. మర్నాడు మనం మరచిపోతాం. నా మనసులో ఎంతో కాలంగా ఉన్న మాట ఒకటే: సంచార గ్రంథాలయాన్ని మొదటి రాకతో కొలవకూడదు, రెండో రాకతో కొలవాలి. మొదటిసారి వచ్చిన బండి పుస్తకాల ప్రదర్శన మాత్రమే. చెప్పిన రోజుకు రెండోసారి వచ్చి, పాత పుస్తకం తీసుకుని కొత్త పుస్తకం ఇచ్చినప్పుడే అది గ్రంథాలయం అవుతుంది. మిగతా ఉపన్యాసమంతా ఈ మాటకు వివరణే అనుకోండి.

నాగభూషణం గారి పడవకు ముందే మన దక్షిణాదిలో ఎడ్లబండి కదిలింది. తంజావూరు జిల్లా మన్నార్‌గుడి ప్రాంతంలో కనకసభై పిళ్ళై అనే ఇంజనీరు 1931 అక్టోబరులో గూడు కట్టిన బండిలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ ఆ ప్రయత్నానికి అండగా నిలిచారు. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి పంచ సూత్రాలు రాసి ప్రచురించిందీ ఆ ఏడాదే. పుస్తకాలు వాడుక కోసమే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని ఆయన సూత్రీకరించిన సంవత్సరంలోనే, మేలవాసల్ అనే పల్లెలో రైతు తన పుస్తకం కోసం బండి దగ్గర నిలబడ్డాడు. శాస్త్రం, బండి ఒకే ఏట పుట్టడం నాకు చాలా ఇష్టమైన విషయం. సూత్రాన్ని పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఇంకాస్త వెనక్కి పోతే బరోడా. మహారాజా మూడో శాయాజీరావ్ గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను పిలిపించి సంస్థానమంతటా గ్రంథాలయాల పని అప్పగించారు. గ్రంథాలయం లేని చోట్లకు చెక్కపెట్టెల్లో పుస్తకాలు పంపే విభాగం అందులో ఒకటి. ఇక్కడ గమనించాల్సింది పెట్టె కాదు. ఆ పని ఒక ఉత్సాహవంతుడి సొంత జేబు మీద కాక సంస్థానం ఖజానా మీద నడిచిందన్నది. ఈ సంగతికి నేను తర్వాత మళ్ళీ వస్తాను.

బెజవాడలో 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు, ఆయన మిత్రులు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులను ఒకచోట చేర్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆ సభ తర్వాత గ్రంథాలయ ఉద్యమంలో ఒక ధోరణి బలపడింది: నడిచి వెళ్ళడం. గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టుకుని కార్యకర్తలు ఊళ్ళు తిరిగారు. పుస్తకం కోసం ఊరు కదలాలని చెప్పిన వాళ్ళే ఊరి కోసం తాము కదిలారు. కాలువ మీది పడవ ఆ యాత్రల కడుపున పుట్టిందే.

ఇప్పుడు మిమ్మల్ని ఒక్కసారి సముద్రాల అవతలికి తీసుకెళతాను. కారణం ఉంది. మన కాలువ మీద పడవ కదిలిన 1935వ సంవత్సరంలోనే అమెరికాలో కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండల్లో గుర్రాల మీద గ్రంథాలయం మొదలైంది. రెండు చోట్ల వాళ్ళకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉంటుందని నేను అనుకోను. ఆర్థిక మాంద్యం రోజులు. బొగ్గు గనులు మూతబడ్డ కొండలు. రూజ్వెల్టు ప్రభుత్వం పని కల్పించే పథకం కింద మనుషులను పెట్టుకుంది, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఎవరి గుర్రమో కంచరగాడిదో వాళ్ళే తెచ్చుకోవాలి. జీతం నెలకు 28 డాలర్లు. రోడ్లు లేవు. చాలా చోట్ల వాగు గర్భమే దారి. చలికాలం నీళ్ళలో నడిచి నడిచి, రికాబులో పాదాలు గడ్డకట్టుకుపోయేవి. జీను సంచుల్లో పుస్తకాలు వేసుకుని, ఒంటరి ఇళ్ళకూ, ఒకే గది ఉన్న బడులకూ వెళ్ళేవాళ్ళు.

వాళ్ళ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది గుర్రం కాదు, అతుకుల పుస్తకం. పథకం జీతమిచ్చింది గానీ పుస్తకాలు కొనివ్వలేదు. ఎక్కడెక్కడి నుంచో దానంగా వచ్చిన పాత పుస్తకాలు, చిరిగిన పత్రికలే ఉన్న సరుకు. కొన్ని నెలలు తిరిగేసరికి అవి పేజీలు ఊడిపోయేవి. అప్పుడా ఆడవాళ్ళు ఊడిన పేజీలను పారేయకుండా, అందులోని బొమ్మలూ కథలూ కత్తిరించి, కాగితాల మీద అంటించి, కొత్త పుస్తకాలు కుట్టారు. కొండ మీది ఇల్లాళ్ళు తమ వంటల పద్ధతులు చెప్పారు, బొంతలు కుట్టే నమూనాలు ఇచ్చారు. అవి కూడా ఆ పుస్తకాల్లో చేరాయి. ఒక లోయ వాళ్ళు చెప్పింది మరో లోయ వాళ్ళకు చేరింది. క్రిస్మస్‌కు వచ్చిన గ్రీటింగు కార్డులను పేజీ గుర్తులుగా వాడుకోమని ఇచ్చారు, జనం పేజీల చెవులు మడవకుండా ఉండటానికి. చదువు రాని పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో బడికెళ్ళే పిల్లలే చదివి వినిపించేవాళ్ళు. పిల్లవాడికి ఇచ్చిన పుస్తకం ఇంటిల్లిపాదికీ ఇచ్చినట్టయింది.

ఇదంతా ఎలా సాధ్యమైంది? గుర్రం మీద పుస్తకాలు తెచ్చే ఆమె మళ్ళీ వచ్చేది కాబట్టి. పదిహేను రోజులకోసారి అదే దారిలో, అదే మనిషి. ఒకసారి వచ్చి పోయే వాళ్ళకు ఏ ఇల్లాలూ తన వంట సంగతి చెప్పదు. ఈ ఇంట్లో పిల్లవాడికి జంతువుల బొమ్మలంటే ఇష్టమని, ఆ ఇంట్లో తాతకు యాత్రల కథలు కావాలని రెండోసారి, మూడోసారి వెళితేనే తెలుస్తుంది. రంగనాథన్ ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నప్పుడు, పాఠకుడు ఎవరో తెలిసిన మనిషి మధ్యలో ఉండాలన్న అర్థం కూడా అందులో ఉంది. 1943లో ఆ పథకాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. గుర్రాలు ఆగిపోయాయి.

ఆ గుర్రాలు కదలడానికి ముప్ఫై ఏళ్ళ ముందు మేరీలాండ్‌లో మేరీ టిట్‌కమ్ అనే గ్రంథపాలకురాలు, 1905లో, గుర్రాల బండి ఒకటి చేయించి పల్లెలకు పంపింది. బండి పక్కలు తెరిస్తే అలమరలు కనిపించేవి. ఒక రైతు ఆ బండిని చూసి, తమ ఇంట్లో ఎవరూ చనిపోలేదని, ఇక్కడ ఆగనక్కర్లేదని కేకేశాడట. నల్లగా ఉన్న ఆ బండి అతనికి శవాల బండిలా కనిపించింది. వెంటనే చక్రాలకూ తలుపులకూ ఎరుపు రంగు వేయించారు. ఊరివాళ్ళ కంటికి ఏది ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడం కూడా గ్రంథపాలకుల పనే అని ఈ చిన్న ఉదంతం చెబుతుంది. 1910లో ఆ బండిని రైలు ఢీకొట్టి ముక్కలు చేసింది. రెండేళ్ళలో మోటారు బండి వచ్చింది.

ఇక మన కాలానికి వద్దాం. కెన్యాకు ఈశాన్యాన, సోమాలియా సరిహద్దుకు దగ్గరగా గారిస్సా అనే పట్టణం ఉంది. చుట్టూ ఇసుక నేల. మోటారు బండి చక్రాలు దిగబడిపోతాయి. అక్కడి జనం పశువులతో పాటు నీటి జాడ వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు. 1996లో కెన్యా జాతీయ గ్రంథాలయ సేవా సంస్థ అక్కడ ఒంటెల గ్రంథాలయం ప్రారంభించింది. ఒక ఒంటె మీద పుస్తకాల పెట్టెలు, మరొకదాని మీద గుడారం, చాపలు. బడి దగ్గరో చెట్టు కిందో గుడారం వేసి, చాపలు పరిచి, పుస్తకాలు పేరుస్తారు. పిల్లలు వచ్చి ఎంచుకుంటారు. మళ్ళీ వచ్చేసరికి పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఇది ఒక దాత సరదా కాదు, దేశపు గ్రంథాలయ సంస్థ ఉద్యోగులు చేసే పని. బరోడా మహారాజా ఖజానాకు, గారిస్సా ఒంటెకూ ఉన్న చుట్టరికం ఇదే: జీతాలున్న మనుషులు, రాసిపెట్టిన తేదీలు.

దక్షిణ అమెరికాలో కొలంబియా కథ వేరు. లా గ్లోరియా అనే ఊళ్ళో లూయీస్ సోరియానో అనే బడిపంతులు, అంతర్యుద్ధపు హింసలో నలిగిన పల్లెల పిల్లలకు ఇంట్లో పుస్తకమే లేదని చూసి, తన దగ్గరున్న 70 పుస్తకాలతో, రెండు గాడిదలతో బయలుదేరాడు. గాడిదల పేర్లు ఆల్ఫా, బేతో. శనాదివారాల్లో కొండ దారులెక్కి వెళ్ళి, పిల్లలను కూర్చోబెట్టి, పాఠం చెప్పి, కథ చదివి, పుస్తకాలిచ్చి వచ్చేవాడు. ఒకసారి రేడియోలో హువాన్ గొస్సాయిన్ అనే పాత్రికేయుడు తన నవల చదువుతుంటే విని, ఆ నవల ఒక ప్రతి పంపమని ఉత్తరం రాశాడు. గొస్సాయిన్ ఆ ఉత్తరాన్ని రేడియోలో చదివాడు. దేశం నలుమూలల నుంచీ పుస్తకాలు వచ్చిపడ్డాయి.

ఆ ఉపాధ్యాయుడి పట్ల నాకు గౌరవం అపారం. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఒక్క మనిషి మీద నడిచే గ్రంథాలయం ఆ మనిషి మోకాలి మీద ఆధారపడి ఉంటుంది. ఆయనకు జ్వరమొస్తే ఆ వారం పుస్తకాల్లేవు. ఆయన పెద్దవాడైతే? మనం ఇలాంటివాళ్ళను సన్మానించి, శాలువా కప్పి, పత్రికలో ఫొటో వేసి, మన బాధ్యత తీరిందనుకుంటాం. వాళ్ళకు కావలసింది శాలువా కాదు. వాళ్ళు చేస్తున్న పనిని రేపు వేరే మనిషి అందుకోవడానికి ఒక ఏర్పాటు కావాలి.

సంస్థ ఉన్నంత మాత్రాన భయం తీరిపోతుందని కూడా అనలేను. నార్వే పశ్చిమ తీరంలో ఎపోస్ అనే గ్రంథాలయ ఓడ ఉండేది. 1963 నుంచి సముద్రపు పాయల ఒడ్డున విసిరేసినట్టుండే చిన్న చిన్న ఊళ్ళకు పుస్తకాలు, పిల్లల కోసం ఆటపాటలు చూపే కళాకారులను కూడా తీసుకెళ్ళేది. నార్వే ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటి. అక్కడ కూడా 2020లో ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో ఓడ తిరగడం మానేసింది. రోడ్లు పడ్డాయి, వంతెనలు వచ్చాయి, పుస్తకాలు తెరమీద దొరుకుతున్నాయి అని కారణాలు చెప్పారు. ఈ కారణాలు మనకూ చెబుతారు. చెబుతున్నారు కూడా.

ఫోను ఉండగా బండి ఎందుకని నన్ను చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ 2015 నుంచి ఎన్నో భాషల్లో పిల్లల కథలను ఉచితంగా పెడుతోంది. తెలుగులోనూ బోలెడు ఉన్నాయి. అది గొప్ప సంపద, బండి నడిపేవాళ్ళు వాటిని అచ్చు తీసుకుని పంచుకోవచ్చు కూడా. కానీ సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్ళో, ఇంటికి ఒకే ఫోను ఉండి అది తండ్రితో పనికి వెళ్ళిపోయే ఊళ్ళో, ఆరేళ్ళ పిల్లకు ఆ ఫోను ఎప్పుడు చేతికొస్తుంది? వచ్చినా కథ కోసమే వస్తుందా? పుస్తకానికి ఛార్జింగు అక్కర్లేదు. రాత్రి పొయ్యి వెలుగులో కూడా బొమ్మ కనబడుతుంది. తమ్ముడు, చెల్లెలు, పక్కింటి పిల్ల అందరూ ఒకేసారి వంగి చూడొచ్చు.

పాడేరు వైపు ఒక కొండ ఊరికి పుస్తకాల జీపుతో పాటు వెళ్ళినప్పుడు చూసింది చెబుతాను. జీపు ఊళ్ళోకి పోలేదు. వాగు దగ్గర ఆగింది. అక్కడి నుంచి రెండు రేకు ట్రంకుపెట్టెలను కావడి కట్టి ఇద్దరు కుర్రాళ్ళు మోశారు. ఊరి మధ్య చింతచెట్టు కింద టార్పాలిన్ పరిచి పుస్తకాలు బోర్లించారు. పిల్లలు వెంటనే మీదపడలేదు. కాస్త దూరంలో నిలబడి చూశారు. ముందు ఒక అమ్మాయి వచ్చింది, చంకలో తమ్ముడు. ఎనిమిదేళ్ళుంటాయేమో. వంగి ఒక పుస్తకం తీసి, మొదటి పేజీ చూడకుండా చివరి నుంచి తిప్పింది. బొమ్మలున్న పేజీ దగ్గర ఆగి, ఆ పేజీని తమ్ముడి ముఖానికి దగ్గరగా పెట్టింది. వాడు బొమ్మను నాకబోయాడు. ఆమె పుస్తకం వెనక్కి లాక్కుని, లంగా అంచుతో తుడిచింది.

రిజిస్టరు రాస్తున్న కుర్రవాడు ఆ అమ్మాయిని గుర్తుపట్టాడు. “పోయినసారి ఇదే తీసుకున్నావు గదమ్మా, వేరేది తీసుకో,” అన్నాడు. “ఇదే కావాలి అన్నా. మా అవ్వ ఇంకా వింటానంది,” అంది. ఏం చెబుతున్నావు అవ్వకు అని అడిగితే, తెలుగులో ఉన్న కథను తమ ఇంటి భాషలో చెబుతోందట. అందులో సింహం ఉంది. అవ్వ సింహాన్ని ఎన్నడూ చూడలేదు. ఈ పిల్ల సింహం ఉన్నచోటల్లా ఎలుగుబంటిని పెట్టి చెప్పింది. ఎలుగుబంటి అయితే జీడితోటల్లోకి వస్తుంది, అందరికీ తెలుసు. ఎలుగుబంటి కథ వింటూ అవ్వ తన చిన్నప్పటి ఎలుగుబంటి సంగతి చెప్పిందట. ఇప్పుడు ఆ పిల్ల దగ్గర రెండు కథలున్నాయి. కుర్రవాడు ఇంకేమీ అనలేదు. అదే పుస్తకం మళ్ళీ రాసి ఇచ్చాడు.

ఆ కుర్రవాడు చేసింది గ్రంథపాలకుడి పని. ఎవరూ శిక్షణ ఇవ్వకపోయినా సరిగ్గా చేశాడు. ఎందుకంటే అతను కిందటి నెల వచ్చాడు, ఆ పిల్ల అతనికి గుర్తుంది. ఇంకో మనిషి అయితే కొత్త పుస్తకం అంటగట్టేవాడు, లెక్క పెరుగుతుందని.

ఆ పిల్ల చేసిన అనువాదం మనకు ఒక పెద్ద పని గుర్తు చేస్తుంది. మన కొండల్లో పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, కోయ, సవర, గోండి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. బడికి వస్తే తెలుగు. బండిలో తెచ్చే పుస్తకాలూ తెలుగే. ఈ విషయం మనకు కొత్తగా తెలిసింది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని వాచకాలు తయారుచేశారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని మనం ఏటా తలుచుకుంటాం. సవర వాచకాలను మాత్రం తలుచుకోం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఆ దారి మళ్ళీ తెరుచుకుంది. వాచకాలు వచ్చాయి. వాచకం పరీక్ష కోసం. పిల్లవాడు సరదాకి చదువుకునే కథల పుస్తకాలు ఆ భాషల్లో ఇంకా చాలా రావాలి. కెంటకీ ఆడవాళ్ళు కత్తెర, జిగురు పట్టుకుని చేసిన పని ఇక్కడ మనం చేయొచ్చు. అవ్వ చెప్పిన ఎలుగుబంటి కథను ఆమె భాషలోనే తెలుగు లిపిలో రాసి, ఆ ఊరి పిల్లలతో బొమ్మలు వేయించి, కుట్టి, పెట్టెలో పెడితే, వాగు అవతలి ఊరికి కూడా అది వెళుతుంది. దీనికి ప్రెస్సు కూడా అక్కర్లేదు.

పుస్తకాల ఎంపిక గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. దానమిచ్చే పుస్తకాలతో పెట్టె నింపొద్దు. పాత పోటీ పరీక్షల గైడ్లు, ఎవరి అభినందన సంచికో, మిగిలిపోయిన ప్రతులు పిల్లల పెట్టెలోకి చేరిపోతుంటాయి. పిల్లలు వాటిని ముట్టుకోరు. ముట్టుకోలేదని వాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదని మనం తీర్పు చెబుతాం. 1947లో మొదలైన చందమామ ఎన్ని తరాల తెలుగు పిల్లలను పాఠకులుగా చేసిందో మనకు తెలుసు. అందుకు కారణం రంగుల బొమ్మ, పెద్ద అక్షరం, ఒక సిటింగులో అయిపోయే కథ, నెలకోసారి తప్పకుండా రావడం. చివరిది మరవకండి. పోస్టుమాన్ కోసం వాకిట్లో కూర్చున్న పిల్లలు తేదీని నమ్మారు.

చిరగడం గురించి కూడా చెప్పాలి. పిల్లల పుస్తకం చిరుగుతుంది. తడుస్తుంది. మేక తింటుంది. మన గ్రంథాలయాల్లో పుస్తకం పోతే సిబ్బంది జీతంలోంచి కోస్తారన్న భయం ఎన్నో చోట్ల ఉంది. ఆ భయం ఉన్నచోట పుస్తకాలు బీరువాలో, బీరువాకు తాళం, తాళంచెవి రాని మనిషి దగ్గర. బండికి పంపే పుస్తకాల్లో ఏటా కొంత భాగం అరిగిపోతుందని ముందే ఒప్పుకుని, ఆ మేరకు కొత్తవి కొనడానికి డబ్బు పక్కన పెట్టి, అరిగిపోయినవాటిని రిజిస్టరులోంచి కొట్టేసే అధికారం బండి నడిపే మనిషికే ఇవ్వాలి. అరగని పుస్తకం గురించే కంగారు పడాలి మనం. అది ఎవరికీ నచ్చలేదన్నమాట.

ఇక డబ్బు. మన దగ్గర చట్టం ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు, రూపాయికి ఎనిమిది పైసలు. దేశంలో చాలా రాష్ట్రాలకు ఈ మాత్రం ఏర్పాటు కూడా లేదు. మద్రాసులో 1948లో రంగనాథన్ చొరవతో వచ్చిన చట్టం నాటి నుంచీ మనకు ఈ సంప్రదాయం ఉంది. జనం ఆ పైసలు కడుతూనే ఉన్నారు. వసూలైన సొమ్ము స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు పూర్తిగా చేరక బకాయిలు పేరుకుపోవడం ఏళ్ళ తరబడి నడుస్తున్న కథ. ఆ బకాయిల్లో ఒక్క ముక్క చాలు, కొండ మండలాల్లో పెట్టెలు తిరగడానికి. ఇంకో సంగతి: ఇంటిపన్ను ఎక్కువ వచ్చేది పట్టణాల్లో, కాబట్టి సొమ్మూ ఎక్కువ అక్కడే. మన్యంలో పూరిగుడిసెకు పన్నెంత, అందులో ఎనిమిది పైసల వంతు ఎంత? ఈ లెక్క ఇలాగే వదిలేస్తే, పుస్తకం ఎక్కువ అవసరమైన చోటికి అన్నిటికంటే తక్కువ పుస్తకం వెళుతుంది. పట్టణాల సొమ్ములోంచి కొండకు పంపే వాటా చట్టంలోనే రాసిపెట్టాలి.

వాహనం గురించి చివరికి మాట్లాడుతున్నాను, అది చివరికే రావాలి కాబట్టి. ఉత్తరాఖండ్‌లో నైనితాల్ జిల్లా కోటాబాగ్ ప్రాంతంలో 2023లో వానలకు రోడ్లు కొట్టుకుపోతే కుర్రాళ్ళు గుర్రాల మీద పుస్తకాలు ఎక్కించి పంపారు. మంచి పని. మనకు గుర్రం అక్కర్లేదు. వారపు సంతకు పోయే ఆటో ఉంది. బడికి కోడిగుడ్లు, బియ్యం తీసుకెళ్ళే బండి ఉంది. ఆశా కార్యకర్త నడిచే దారి ఉంది. డోలీ మోసే దారిలో ట్రంకుపెట్టె కూడా వెళుతుంది. నాగభూషణం గారు కొత్త పడవ కనిపెట్టలేదు, తిరుగుతున్న పడవను వాడుకున్నారు. సంచార గ్రంథాలయం అనగానే పెద్ద వ్యాను కొని, మీద బొమ్మలు వేయించి, మంత్రిగారితో జెండా ఊపించి, ఆరు నెలలకు డీజిలు లేదని షెడ్డులో పెట్టే పద్ధతి మనకు బాగా అలవాటు. ఆ వ్యాను డబ్బుతో ఎన్ని సంతలకు ఎన్నేళ్ళు పెట్టెలు పంపొచ్చో అధికారులు కాగితం మీద వేసి చూడాలి.

నేను కోరేది ఇంత: కొండ మండలానికి ఒకరిద్దరు యువతీ యువకులు, అక్కడి భాష వచ్చిన వాళ్ళు, గౌరవ వేతనం కాదు, జీతం మీద. నాగభూషణం గారు తరువాతి కాలంలో విజయవాడలో గ్రంథాలయ శాస్త్ర పాఠశాల పెట్టి ఎందరికో శిక్షణ ఇప్పించారు. అలాంటి శిక్షణ వీళ్ళకూ ఇవ్వాలి. కేటలాగు నంబర్లు తర్వాత, ముందు కథ బిగ్గరగా చదవడం, పిల్లలు ఏం తీసుకుంటున్నారో గమనించి రాసుకోవడం, ఊడిన పేజీ కుట్టడం. సంతకు ఒక పెట్టె. ప్రతి ఊరికీ వచ్చే రోజు బడి గోడ మీద సున్నంతో రాయాలి. ఆ రోజు రాలేకపోతే ముందుగా కబురు పంపాలి. మొదటి ఏడాదికి ఎన్ని ఊళ్ళు తిరిగామన్న లెక్క నాకు చెప్పొద్దు. తిరిగిన ఊళ్ళలో ఎన్నిటికి చెప్పిన రోజుకు మళ్ళీ వెళ్ళామో ఆ లెక్క చెప్పమని జిల్లా గ్రంథాలయ సంస్థలను అడుగుదాం. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయుల్లో కొండ బడుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక దయచేసి ఉండండి. ఏ సంత ఏ వారం, ఏ దారి వానల్లో మూసుకుపోతుంది, ఏ ఊళ్ళో పిల్లలు ఏ భాష మాట్లాడతారు, ఈ మూడూ రాసుకుందాం. పెట్టెలో మొదట ఏ పుస్తకాలు పెట్టాలో వాటిని బట్టే తేలుతుంది.